మీ ట్యాబ్‌లో ఓ మెడికల్ లైబ్రరీ!

బూర్గంపాడు నుంచి కొత్తగూడెం ప్రభుత్వ మెడికల్ కాలేజీకి వెళ్లే ఎంబీబీఎస్ విద్యార్థి కావచ్చు. గోదావరి దాటి భద్రాచలంలో నర్సింగ్ చదివే అమ్మాయి కావచ్చు. బీఫార్మసీ పూర్తయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న సారపాక కుర్రాడు కావచ్చు. వైద్యం చుట్టూ ఉన్న ఏ కొలువుకు వెళ్లినా ఏదో ఒకరోజు మీకు ఎదురయ్యే మాట ఒకటుంది: 'దీని మీద లిటరేచర్ చూశారా?'

లిటరేచర్ అంటే ఇక్కడ కథలూ కవితలూ కాదు. మెడికల్ జర్నళ్లలో అచ్చయ్యే పరిశోధన వ్యాసాలు. పెద్ద నగరాల్లో చదివినవాళ్లకు సీనియర్లు, లైబ్రరీలు అందుబాటులో ఉంటాయి. వాళ్లకు ఇది చూస్తూ చూస్తూనే అబ్బుతుంది. మన్యం అంచున ఉన్న ఊళ్లలో అలా కుదరదు. ఎవరో చెప్తే తప్ప తెలియదు. అయితే చేతిలో ఒక మామూలు ట్యాబ్, ఒకటి రెండు ఉచిత యాప్‌లు, వారానికి నాలుగైదు గంటలు ఉంటే చాలు, ఈ తేడాను చాలావరకు పూడ్చుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

ఫోన్ ఉందిగా, ట్యాబ్ దేనికి?

న్యాయమైన ప్రశ్నే. జర్నల్ వ్యాసం సాధారణంగా ఏ4 సైజు పేజీలో, రెండు నిలువు వరుసల్లో ఉంటుంది. ఆ పేజీని ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు అసలు సైజులో మూడో వంతుకు కుంచించుకుపోతాయి. వేళ్లతో పెద్దది చేసి, ఒక వరుస కిందిదాకా చదివి, మళ్లీ పైకొచ్చి రెండో వరుస పట్టుకోవాలి. పట్టికలైతే ఇక చెప్పనక్కర్లేదు. పది, పదకొండు అంగుళాల ట్యాబ్‌లో అదే పేజీ అసలు సైజులో దాదాపు ముప్పావు వంతు కనిపిస్తుంది. చదవడానికి అది చాలు. ఖరీదైన ఐప్యాడే కావాలని ఏం లేదు. ఇంట్లో ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో కొన్న పాత ట్యాబ్ ఉంటే ముందు దాన్నే దుమ్ము దులపండి. కొత్తది కొనాలనుకుంటే మాత్రం 8 అంగుళాలది తీసుకోకండి. డబ్బు కాస్త మిగులుతుంది కానీ కళ్లు పోతాయి.

ఫోన్‌ను వెతకడానికి, ట్యాబ్‌ను చదవడానికి, కాలేజీ ల్యాబ్‌లోని కంప్యూటర్‌ను రాయడానికి వాడండి. మూడింట్లోనూ ఒకే ఖాతా ఉండాలి. అసలు కిటుకు అదే.

ఏ యాప్?

ప్లేస్టోర్‌లో వెతికితే డజన్లకొద్దీ వస్తాయి. ఉద్యోగం వెతుక్కునే విద్యార్థికి నా ఓటు జొటెరోకే. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టిన ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. కంప్యూటర్‌లో, ఐప్యాడ్‌లో, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనూ పనిచేస్తుంది. పీడీఎఫ్‌ను అందులో వేస్తే శీర్షిక, రచయితలు, జర్నల్ పేరు, సంవత్సరం చాలావరకు తనే పట్టుకుని నింపేస్తుంది. రంగులతో గీతలు గీయొచ్చు, పక్కన నోట్ రాసుకోవచ్చు. ట్యాబ్‌లో గీసిన గీత రేపు ల్యాబ్ కంప్యూటర్‌లోనూ కనిపిస్తుంది.

మెండలే పేరు మీ సీనియర్లు చెప్పే ఉంటారు. మంచిదే. దాన్ని 2013లో ఎల్సెవియర్ సంస్థ కొనుక్కుంది. ఉచితంగా 2జీబీ స్థలం కూడా ఇస్తుంది. కానీ దాని మొబైల్ యాప్‌లను 2021లో ఆపేశారు. ట్యాబ్‌లో చదవాలనుకునేవాళ్లకు అది పెద్ద లోటే. పాత యూట్యూబ్ వీడియో చూసి మెండలే యాప్ కోసం వెతుకుతూ కూర్చోకండి.

జొటెరోలో ఒక ఇబ్బంది ఉంది. ఫైళ్లకు ఉచితంగా ఇచ్చే స్థలం 300ఎంబీ మాత్రమే. ఒక్కో వ్యాసం ఒకటి, రెండు ఎంబీ ఉంటుందనుకుంటే 150 నుంచి 300 వ్యాసాలు పడతాయి. డిగ్రీ విద్యార్థికి మొదటి ఏడాదికి ఇది సరిపోతుంది. నిండిపోతే చదవడం అయిపోయిన పీడీఎఫ్‌లను తీసేసి వివరాలు మాత్రం ఉంచుకోండి. వ్యాసాల వివరాలకూ మీ నోట్స్‌కూ ఆ పరిమితి వర్తించదు.

ముందు ప్రశ్న, తర్వాతే వ్యాసం

చాలామంది చేసే పని ఏంటంటే, యాప్ పెట్టుకోగానే ఉత్సాహంగా వంద పీడీఎఫ్‌లు దించేస్తారు. తర్వాత ఒక్కటీ తెరవరు. దీనికి విరుగుడు ఒక్కటే, ప్రశ్నతో మొదలుపెట్టడం. అది కూడా మీ చుట్టుపక్కల కనిపించే ప్రశ్న అయితే చదవబుద్ధేస్తుంది.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. సికిల్ సెల్ వ్యాధి గిరిజన ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్నదే. దక్షిణ భారతంలో ఇది ఉందని లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1952లో నీలగిరి గిరిజనులను పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్య కాకుండా చేయడం దాని లక్ష్యాలు. ఇన్ని పరీక్షలు చేయాలంటే ల్యాబ్ టెక్నీషియన్లు కావాలి, కౌన్సెలింగ్ చేసేవాళ్లు కావాలి, లెక్కలు రాసేవాళ్లు కావాలి. అంటే ఈ విషయం తెలిసినవాళ్లకు పని ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్న: సికిల్ సెల్ రోగులకు డాక్టర్లు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు మలేరియా ఉండే ప్రాంతాల్లో కూడా క్షేమమేనా? ఏజెన్సీలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

పబ్‌మెడ్ తెరవండి. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే ఉచిత వెతుకులాట స్థలం ఇది. 3.5 కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. గూగుల్‌లో అడిగినట్లు పెద్ద వాక్యం రాయొద్దు. సికిల్ సెల్, హైడ్రాక్సీయూరియా, మలేరియా... ఈ మూడు మాటలను ఇంగ్లిష్‌లో టైప్ చేసి, మధ్యలో పెద్దక్షరాల్లో 'అండ్' పెట్టండి. ఎడమ పక్కన ఫిల్టర్లు ఉంటాయి. అందులో 'క్లినికల్ ట్రయల్' నొక్కితే జాబితా బాగా చిక్కిపోతుంది. మీకు కనిపించే వాటిలో 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన 'రీచ్' అధ్యయనం ఉంటుంది. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా దేశాల్లో 606 మంది పిల్లలకు ఈ మందు ఇచ్చి చూశారు.

దాన్ని జొటెరోలోకి పంపండి. బ్రౌజర్‌లో షేర్ గుర్తు నొక్కి జొటెరో ఎంచుకోవడమే. లేదంటే వ్యాసం మీదుండే డీఓఐ నంబరు (10తో మొదలవుతుంది) యాప్‌లో కొట్టినా చాలు. ఫోల్డర్‌కు 'సికిల్' అని పేరు పెట్టి ఊరుకోవద్దు. 'హైడ్రాక్సీయూరియా – మలేరియా ప్రాంతాల్లో' అని ప్రశ్ననే పేరుగా పెట్టేస్కోండి. ఆరు నెలల తర్వాత మీకే తెలుస్తుంది దాని విలువ.

పది పేజీలు వరుసగా చదవొద్దు

జర్నల్ వ్యాసం నవల కాదు, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాల్సిన పని లేదు. ముందు సారాంశం. తర్వాత పట్టికలు, బొమ్మలు. ఆ తర్వాత పద్ధతులు, అంటే ఎవరిని తీసుకున్నారు, ఎవరితో పోల్చారు అనేది. చివర్లో రచయితలే ఒప్పుకునే పరిమితులు. ఉపోద్ఘాతం తీరిగ్గా చదువుకోవచ్చు.

రంగులకు ఒక పద్ధతి పెట్టుకోండి. ఉదాహరణకు, ఎవరి మీద చేశారన్నదానికి నీలం. ఫలితం అంకెలకు పసుపు. అనుమానం వచ్చిన చోట ఎరుపు. మీకు అర్థంకాని మాటకు ఆకుపచ్చ. పేజీ అంతా పసుపు పూసేయడం వల్ల ఏ లాభమూ లేదు.

రీచ్ వ్యాసాన్నే ఇలా చదివి చూడండి. పసుపు గీయాల్సిన అంకె కనిపిస్తుంది: మందు మొదలుపెట్టక ముందు వంద రోగి-సంవత్సరాలకు 46.9 సార్లు మలేరియా వస్తే, మందు మొదలయ్యాక అది 22.9కి తగ్గింది. సగానికి సగం! నొప్పుల బాధ కూడా 98.3 నుంచి 44.6కి దిగింది. భలే ఉంది కదా. ఇప్పుడు ఎరుపు రంగు తీయండి. ఇక్కడ మందు తీసుకున్న పిల్లలను మందు తీసుకోని ఇతర పిల్లలతో పోల్చలేదు. అదే పిల్లల ముందు, తర్వాత పరిస్థితులను పోల్చారు. అధ్యయనంలో చేరాక పిల్లలను తరచూ డాక్టర్లు చూస్తుంటారు, జాగ్రత్తలు పెరుగుతాయి. వయసూ పెరుగుతుంది. మలేరియా తగ్గడంలో వీటి వాటా ఎంత? ఈ ప్రశ్న మీకు తట్టిందంటే వ్యాసం చదవడం వచ్చేసినట్లే.

దీనికి పక్కన 1995లో అదే జర్నల్‌లో వచ్చిన పాత అధ్యయనం పెట్టి చూడండి. అమెరికా, కెనడాల్లో 299 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు హైడ్రాక్సీయూరియా, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకీ తెలియదు. ఏడాదికి వచ్చే తీవ్రమైన నొప్పుల సంఖ్య ఉత్తుత్తి మాత్ర జట్టులో 4.5 ఉంటే, మందు జట్టులో 2.5కి తగ్గింది. పోలిక గట్టిగా ఉంది, కానీ అక్కడ మలేరియా లేదు. ఒకదాంట్లో పోలిక గట్టిది, రెండోదాంట్లో పరిస్థితి మనకు దగ్గరిది. రెండూ కలిపి నాలుగు వాక్యాల నోట్ రాసుకోండి. తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు, జొటెరోకు తెలుగు వచ్చు. ఎవరి మీద? ఏం చేశారు? ఎంత తేడా వచ్చింది? మన దగ్గరికి ఎంతవరకు వర్తిస్తుంది? అంతే.

ఒక్క మాట. ఇలా చదివారు కదా అని ఇంట్లోవాళ్లకో, పక్కింటి బాబాయికో మందులు చెప్పకండి. హైడ్రాక్సీయూరియా వాడేవాళ్లకు తరచూ రక్త పరీక్షలు చేయాలి. అది డాక్టర్ల పని.

డబ్బు కట్టమంటే?

వ్యాసం నొక్కగానే '30 డాలర్లు చెల్లించండి' అని వస్తే గుండె గుభేలుమంటుంది. కట్టకండి. ముందు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉందేమో చూడండి. 2000లో మొదలైన ఈ భాండాగారంలో పూర్తి వ్యాసాలు ఉచితం. న్యూ ఇంగ్లండ్ జర్నల్ అయితే ఆరు నెలలు దాటిన పరిశోధన వ్యాసాలను ఉచితంగా నమోదు చేసుకున్నవాళ్లకు చదవనిస్తుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో 'అన్‌పేవాల్' పెట్టుకుంటే చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడున్నా చూపిస్తుంది. అదీ కాకపోతే రచయితకు మర్యాదగా మూడు లైన్ల మెయిల్ రాయండి. పంపేవాళ్లు చాలామందే ఉంటారు.

ప్రభుత్వ కాలేజీ విద్యార్థులకు ఇంకో మంచి మార్గం వచ్చింది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13 వేల జర్నళ్లు, 6,300 ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకు. 2025 జనవరి 1 నుంచి మొదలైంది. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ లాంటి పెద్ద సంస్థలన్నీ అందులో ఉన్నాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి 'మన కాలేజీ నమోదైందా సార్, లాగిన్ ఎలా?' అని అడగండి. అడిగేవాళ్లు లేకే చాలాచోట్ల ఇలాంటివి మూలన పడుంటాయి. ప్రైవేటు కాలేజీలవాళ్లకు ఈ పథకం వర్తించదు. ఇది నాకు మింగుడుపడని విషయమే. ఎందుకంటే ఫార్మసీ, నర్సింగ్ చదువుకునేవాళ్లు ఎక్కువమంది ఉండేది అక్కడే.

మొదటి సాధనకు ఏ వ్యాసం తీసుకోవాలా అని ఆలోచిస్తుంటే ఒక సలహా. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దాని మీద అదే ఏడాది డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. మూడు పేజీల వ్యాసం, పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితం. ఇంగ్లిష్ కూడా ఈనాటి వ్యాసాల కంటే తేలిక. మన గడ్డ మీద జరిగిన పనికి నోబెల్ వచ్చింది కాబట్టి కాస్త గర్వంగా కూడా ఉంటుంది.

నెట్ లేని రోజు

గోదావరి పక్కన బతికేవాళ్లకు వరద సంగతి చెప్పాలా! 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు బూర్గంపాడు ఎలా చిక్కుకుపోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద వరద అక్కర్లేదు, గాలివాన వచ్చినా కరెంటూ సిగ్నలూ రెండూ పోతాయి. కాబట్టి ఆ వారం చదవాల్సిన వ్యాసాలను కాలేజీ వైఫైలో ఉన్నప్పుడే ఒక్కొక్కటి తెరిచి ట్యాబ్‌లోకి దించుకోండి. పేరు జాబితాలో కనిపించినంత మాత్రాన ఫైలు దిగినట్లు కాదు, ఇది చూస్కోండి. నెట్ లేకుండా గీసిన గీతలు, రాసిన నోట్స్ మళ్లీ నెట్ రాగానే వాటంతటవే కలిసిపోతాయి.

కళ్లు అలసిపోతే ముఖ్యమైన రెండు వ్యాసాలు ప్రింట్ తీసుకోండి, తప్పేం లేదు. కాగితం తయారుచేసే మిల్లు మన మండలంలోనే ఉందాయె!

అచ్చయిందల్లా నిజం కాదు

2020 మే 22న లాన్సెట్ జర్నల్‌లో కొవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇవ్వడంపై ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ప్రపంచమంతా గగ్గోలు. దాని వెనకున్న డేటాను ఎవరూ సరిచూడలేకపోవడంతో జూన్ 4న, అంటే రెండు వారాలు తిరగకముందే, దాన్ని ఉపసంహరించుకున్నారు. ఇలా ఉపసంహరించిన వ్యాసం మీ జాబితాలో ఉంటే జొటెరో ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది. 2019 నుంచి ఈ సౌకర్యం ఉంది. జొటెరోను ఎంచుకోమనడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

ఏఐ చాట్‌బాట్‌ల సంగతీ ఇంతే. కష్టమైన పేరా వివరించమని అడగండి, బాగానే చెప్తాయి. వ్యాసాల జాబితా ఇమ్మంటే మాత్రం లేని వ్యాసాలను కూడా ఉన్నట్లు పేర్లతో సహా చెప్పేస్తాయి. పబ్‌మెడ్‌లో కనిపించని వ్యాసాన్ని, మీరు తెరిచి చూడని వ్యాసాన్ని ఎక్కడా ఉదహరించొద్దు. '24 గంటల్లో మీ పేపర్ అచ్చేస్తాం, ఫీజు కట్టండి' అని మెయిల్ వస్తే డిలీట్ చేసేయండి. అలాంటి పేపర్ రెజ్యుమెలో ఉంటే లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఏ ఉద్యోగంలో ఇది కావాలి?

హైదరాబాద్‌లోని ఫార్మా, క్లినికల్ రిసెర్చ్ సంస్థల్లో ఫార్మకోవిజిలెన్స్ అనే విభాగం ఉంటుంది. మందుల దుష్ప్రభావాలను గమనించడమే పని. యూరప్ నిబంధనల ప్రకారం మందు అమ్మే కంపెనీ వారానికి కనీసం ఒకసారైనా ప్రపంచ వైద్య సాహిత్యాన్ని జల్లెడ పట్టాలి. తీవ్రమైన దుష్ప్రభావం కనిపిస్తే తెలిసిన రోజు నుంచి 15 రోజుల్లో నివేదించాలి. ఆ జల్లెడ పట్టేవాళ్లలో బీఫార్మసీ, ఫార్మ్‌డీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు ఎక్కువ.

అక్కడ చేసే పనిని ఇంట్లో కూర్చునే సాధన చేయొచ్చు. 'జర్నల్ ఆఫ్ మెడికల్ కేస్ రిపోర్ట్స్' ఉచితంగా దొరుకుతుంది. ఏదైనా మందు వల్ల ఇబ్బంది పడ్డ రోగి కేసు ఒకటి దించుకుని నాలుగు విషయాలు వెతకండి: గుర్తించదగిన రోగి, సమాచారం ఇచ్చిన వ్యక్తి, అనుమానిత మందు, జరిగిన హాని. నాలుగూ ఉంటేనే అది చెల్లుబాటు కేసు. 'ఈ మందుతో కొందరికి దద్దుర్లు వచ్చాయి' అని రాసి వదిలేస్తే చెల్లదు, ఎందుకంటే రోగి ఎవరో తెలియదు. '45 ఏళ్ల మహిళ' అని ఉంటే చాలు, పేరు అక్కర్లేదు. సమాచారం ఇచ్చింది వ్యాస రచయితే. ఈ నాలుగింటికీ నాలుగు రంగులు పెట్టి ఇరవై కేసులు గీసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో ఒక పేజీ చేతికిచ్చి 'ఇది కేసేనా?' అని అడిగితే తడుముకోరు.

మెడికల్ రైటింగ్ వైపు వెళ్లాలనుకుంటే సిస్టమాటిక్ రివ్యూ అంటే ఏంటో తెలియాలి. వందల వ్యాసాల శీర్షికలు, సారాంశాలు చూసి 'ఇది ఉంచు, ఇది తీసేయ్' అని తేల్చాలి. దానికి రయ్యాన్ అనే యాప్ ఉంది, ఉచితంగా మొదలుపెట్టొచ్చు. ఎన్ని చూశారు, ఎన్ని తీసేశారు, ఎందుకు అనే లెక్కను 'ప్రిస్మా' చిత్రంగా గీస్తారు. దాని తాజా రూపం 2020ది. ఇద్దరు స్నేహితులు కలిసి ఒకే జాబితాను విడివిడిగా తేల్చి, తేడా వచ్చిన చోట వాదించుకోండి. నిజం ఉద్యోగంలోనూ ఇదే చేస్తారు.

ఎంబీబీఎస్ వాళ్లకు ఐసీఎంఆర్ ఏటా ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. 1979 నుంచి నడుస్తోంది. రెండు నెలల చిన్న పరిశోధనకు ప్రతిపాదన రాయాలి. అక్కడ మొదట అడిగేది 'ఇప్పటిదాకా ఎవరేం చేశారు?' అనే. మీ ఫోల్డర్లో పదిహేను వ్యాసాలు, ఒక్కోదానికి నాలుగు వాక్యాల నోట్ ఉంటే ఆ భాగం సగం రాసేసినట్లే. ల్యాబ్ కంప్యూటర్‌లో వర్డ్ తెరిచి, జొటెరో నుంచి 'వాంకూవర్' శైలి ఎంచుకుంటే రిఫరెన్సులు వాటంతటవే వరుసగా పడతాయి. ట్యాబ్‌లో ఈ పని కుదరదు, దానికి కంప్యూటరే కావాలి.

రెజ్యుమెలో 'జొటెరో వచ్చు' అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. దాని బదులు ఏం చేశారో రాయండి: 'మలేరియా ప్రాంతాల్లో హైడ్రాక్సీయూరియా వాడకంపై 18 వ్యాసాలు చదివి రెండు పేజీల సమీక్ష రాశాను', 'కేస్ రిపోర్టులు 20 పరిశీలించి చెల్లుబాటు తేల్చాను' అని. అంకె మీరు నిజంగా చేసినదే అయి ఉండాలి. ఆ రెండు పేజీలను పీడీఎఫ్‌గా చేసి ట్యాబ్‌లోనే ఉంచుకోండి. ఇంటర్వ్యూకు ట్యాబ్ తీసుకెళ్లండి, ముందురోజు రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోకుండా.